కమిలిన చోట్లు

గిన్నెలు కడగడానికి జాకెట్టు చేతులు పైకి మడుచుకున్నప్పుడు మోచేతి కింద నీలంగా ఏదో కనిపించింది ఆమెకి. నిన్నంతా షాపులో స్కూలు యూనిఫాం బట్ట కుట్టింది, ఆ రంగే దిగి ఉంటుందనుకుంది. గిన్నెల సబ్బు కాస్త తీసి రుద్దింది. పోలేదు. పీచు పెట్టి రుద్దింది. చుట్టూ ఎర్రబడింది గానీ నీలం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. అప్పుడు అర్థమైంది, అది చర్మం మీద లేదు, లోపల ఉంది.

భయం వేయలేదు. వింతగా అనిపించింది. నొక్కితే నొప్పి లేదు, వాపు లేదు. ఒకవైపు వంకాయ రంగు, అంచుల్లో కొంచెం పచ్చన. మొన్నటిదాకా నొప్పి ఉండేది, మచ్చ ఉండేది కాదు. ఇప్పుడు మచ్చ ఉంది, నొప్పి లేదు. దేవుడు లెక్క సరిచేస్తున్నాడేమో అనుకుని తనలో తనే నవ్వుకుంది.

నొప్పి సంగతి ఆమెకి ఒకరు చెప్పనక్కర్లేదు. ముఖంలో ఒక నరం పాడైంది. పళ్ళు తోముకున్నా, చల్లగాలి తగిలినా, పొద్దున్నే దేవుడి ముందు నిలబడి పెదవి కదిపినా సరే, దవడ నుంచి కణత దాకా కరెంటు తీగ లాగినట్టుండేది. "పంటి నొప్పికి ఇంత రాద్ధాంతమా వదినా" అంది ఆడపడుచు. నిజమేననుకుని నిక్షేపం లాంటి పన్ను ఒకటి పీకించుకుంది కూడా. పన్ను పోయింది, నొప్పి పోలేదు. చివరికి నరాల డాక్టరమ్మ మాత్రలు రాశాక మళ్ళీ రెండు దవడలతో నమిలి తిన్నది, అద్దం ముందు నవ్వి చూసుకుంది. ఆ మాత్రలు రాసిన రోజే డాక్టరమ్మ ఒక మాట గట్టిగా చెప్పింది. "ఇవి కొందరికి రక్తం మీద పనిచేస్తాయి. జ్వరం, గొంతు నొప్పి, చిగుళ్ళ నుంచి రక్తం, ఒంటి మీద కమిలిన మచ్చలు, ఏది కనిపించినా నాకు చెప్పాలి. రక్తపరీక్షలు మాత్రం మానకండి."

ఆమె మానలేదు. వాయిదా వేసింది. పరీక్షకి వెళ్ళాల్సిన రోజునే అత్తగారికి కడుపులో బాగాలేదు, ఆ తర్వాత ఆమె భర్త, మాస్టారు, స్కూల్లో పరీక్షల హడావుడిలో పడ్డారు. ఇంట్లో అందరి పనులూ వరసలో నిలబడితే ఆమె రక్తం ఎప్పుడూ చిట్టచివర నిలబడేది.

గిన్నెలు తుడిచి పెట్టి డాక్టరమ్మకి ఫోన్ చేసింది.

"దెబ్బ తగిలి వచ్చిందా, ఊరికే వచ్చిందా?"

"తెలియదండీ."

"అది నాకు ముఖ్యం. రక్తం ఇవాళే ఇచ్చేయండి, రిపోర్టు రాగానే పిలుస్తాను. ఈలోగా ఒళ్ళంతా చూసుకోండి. ఏ మచ్చ దేనివల్ల వచ్చిందో కాస్త కనిపెట్టండి. ఊరికే వస్తున్నవి ఎక్కువైతే నేను తొందరపడాలి. మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు."

ల్యాబులో సూది గుచ్చిన అమ్మాయి దూది పెట్టి చాలాసేపు అదిమి పట్టుకుంది. "ఆగట్లేదండీ తొందరగా" అంది. అక్కడా ఒక చిన్న నీలం పువ్వు పూసింది. దాని పుట్టుక మాత్రం ఆమెకి కచ్చితంగా తెలుసు.

ఆ రోజు నుంచి ఆమె తన వెనకాలే తను నడవడం మొదలుపెట్టింది. ఇదివరకు చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి, మనసు ఎక్కడో ఉండేది. ఇప్పుడు మనసుని చేతుల మీద కాపలా పెట్టింది. తొడ మీద అడ్డంగా పడిన గీత ఎక్కడిదా అని చూస్తుంటే పొద్దున అత్తగారిని లేపేటప్పుడు దొరికింది. తుంటి ఎముక విరిగినప్పటి నుంచీ ఆవిడ తనంతట తను లేవలేరు. ఆవిడని ముందుకి లాగేటప్పుడు తన తొడ మంచం పక్క ఊచకి ఆనించి కాలు ఊనుకుంటుంది. రోజూ, రెండు పూటలా, సరిగ్గా అక్కడే. ముంజేతి మీది బద్దలాంటి మచ్చ కూరగాయల సంచీది. చేతిలో రెండోది కూడా ఉంటుంది కాబట్టి మొదటిది ముంజేతికి తగిలించుకుంటుంది. నడుము పక్కది షాపులో కత్తిరింపు బల్ల మూల. ఆ బల్లకీ గోడకీ మధ్య మనిషి పట్టేంత చోటు లేదు, అయినా అందరూ దూరుతూనే ఉంటారు. మోకాలి కిందిది వంటింట్లో అడుగు అర తలుపు. దాని బందు ఊడి చాలా కాలమైంది. "చూస్తాలే" అని మాస్టారు అనీ అంతే కాలమైంది.

ఒకటి మాత్రం అంతుబట్టలేదు. మణికట్టు పైన వరసగా చిన్న చిన్న మచ్చలు, లోపలివైపు ఒకటి. దాని సంగతి తేల్చింది అత్తగారు. మధ్యాహ్నం దిండు సర్దుతుంటే ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుని కళ్ళజోడు దగ్గరికి తెచ్చుకున్నారు. తర్వాత తన వేళ్ళు ఒక్కొక్కటే ఆ మచ్చల మీద పెట్టారు. బొటనవేలు లోపలి మచ్చ మీద కుదురుగా కూర్చుంది.

"ఇవి నా వేళ్ళేనే అమ్మాయ్" అన్నారు.

"పోనీలెండి, పట్టుకోకపోతే పడతారు కదా."

"నేనింత గట్టిగా పట్టుకుంటానా?"

"పట్టుకుంటారు."

ఆవిడ చెయ్యి వదిలేశారు. "నా బరువు ఈ ఇంట్లో నీకు తప్ప ఎవరికీ తెలియదు. కన్నవాడికి కూడా" అని గోడవైపు తిరిగారు.

షాపులో కాజాలు కుట్టే ఆవిడని అందరూ కాజాలక్క అంటారు. సూదిలోకి దారం ఎక్కించలేక ఎక్కించమని ఆమెకిచ్చి, ఆ చెయ్యి చూసి, మిషన్ల చప్పుడులో గొంతు తగ్గించి అడిగింది. "మాస్టారేనా?"

"అయ్యో, కాదక్కా. నరాల మాత్రలు. రక్తం పలచబడినట్టయింది."

"ఊఁ" అంది కాజాలక్క. "నేను తలుపు తగిలిందనేదాన్ని. నువ్వు చదువుకున్నదానివి, మాత్రలంటున్నావు."

ఎంత చెప్పినా ఆ అక్క ముఖంలో జాలి చెరగలేదు. అబద్ధానికి అలవాటు పడ్డ చెవికి నిజం కూడా అబద్ధంలాగే వినిపిస్తుందేమో అనుకుంది ఆమె.

మాట షాపులో పుట్టి స్కూలు దాకా నడిచింది. మాస్టారిని అక్కడ 'బెత్తం పట్టని మాస్టారు' అంటారు. ఆ పేరంటే ఆయనకి చాలా ఇష్టం. సాయంత్రం సంచీ కుర్చీలో పడేసి, చెప్పులు కూడా విప్పకుండా నిలబడ్డారు.

"నేనేనాడైనా నీ మీద చెయ్యి చేసుకున్నానా?"

"లేదు."

"పోనీ ఎప్పుడైనా ఒక మాట తూలానా?"

ఆమె ఆలోచించింది. మాట తూలడం అంటే ఏమిటో ఆయన లెక్క వేరు, కానీ ఇప్పుడది తేల్చే వేళ కాదు. "మీరేం చేయలేదు" అంది.

"మరి స్టాఫ్ రూమ్‌లో నేను రాగానే అందరూ నోళ్ళు మూసుకుంటున్నారేం? పొడుగు చేతుల జాకెట్లు వేసుకో రేపట్నుంచి. అసలు ఆ మాత్రలు మానెయ్యరాదూ? కొన్నాళ్ళు ఓర్చుకో. నొప్పి అయితే కనీసం బయటికి కనపడదు కదా."

ఆయన అది కోపంగా అనలేదు. తోవ తెలియని మనిషికి తోవ చెప్పినట్టు ఎంతో సౌమ్యంగా అన్నారు. ఆమెకి ఏడుపు రావాల్సింది. రాలేదు. దానికి బదులు, ఆ మాటని బట్ట తిరగేసి కుట్టు చూసినట్టు చూడాలనిపించింది. కనపడని నొప్పి నాది. కనపడే మచ్చ ఆయనది. అందుకే ఒకటి ఓర్చుకోవాలి, రెండోది తీసెయ్యాలి. కుట్టు శుభ్రంగానే ఉంది, ఎక్కడా దారం వదులు లేదు.

మర్నాడు పొద్దున ప్రార్థనలో ఆమె ఏమీ కోరలేదు. అడిగింది మాత్రం. తండ్రీ, నొప్పి ఇచ్చావు, దానికి మందు ఇచ్చావు, మందుకి మళ్ళీ ఈ మచ్చలిచ్చావు. నాతో ఏదో చెప్పాలనుకుంటున్నావు. తిన్నగా చెబితే నేను విననా? తర్వాత పక్కన పెట్టుకున్న మాత్ర వేసుకుని, పొట్టి చేతుల జాకెట్టే తొడుక్కుంది.

రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ పిలిస్తే మాస్టారు సెలవు పెట్టుకుని మరీ వెంట వచ్చారు. ఇన్నేళ్ళలో ఆమెతో ఆస్పత్రికి రావడం ఇదే మొదలు. కూర్చోకముందే అడిగేశారు. "మేడమ్, ఇవి మాత్రల వల్లేనని ఒక చీటీ రాసిస్తారా?"

డాక్టరమ్మ ఆయన్ని ఒకసారి చూసి, ఆమె చెయ్యి అందుకుంది. "రక్తం గడ్డకట్టించే కణాలు బాగా తగ్గాయి. మాత్రలది తప్పే, కానీ మాత్రలు తమంతట తాము వచ్చి గుద్దవు. చెప్పండమ్మా, ఇది దేనిది?"

"సంచీ."

"ఇది?"

"బల్ల మూల, షాపులో."

"కాలి మీద?"

"అత్తగారిని లేపేటప్పుడు మంచం ఊచ. మోకాలిది అర తలుపు. ఇవి అత్తగారి వేళ్ళు. ఇదిగో, ఈ భుజం మీది ఒక్కటే ఎక్కడిదో నాకు తెలియలేదు. ఎంత చూసినా దొరకలేదు."

"ఒక్కటే అయితే నయం" అంది డాక్టరమ్మ. మాస్టారు ఒక్కో మచ్చ దగ్గరా తన పేరు వస్తుందేమోనని ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఎక్కడా రాలేదు. ఆయన ముఖం తేటపడింది. తన పేరు ఎక్కడా లేకపోవడమే అసలు సంగతని ఆయనకి తట్టలేదు. ఆమెకి తట్టింది.

"ఈ మందు మెల్లగా తగ్గించి వేరేది మొదలుపెడదాం" అంది డాక్టరమ్మ. "వారం వారం రక్తం చూడాలి. అప్పటిదాకా బరువులెత్తకూడదు, ఒంటికి ఏదీ తగలకూడదు. చిగుళ్ళు కారినా, జ్వరం వచ్చినా వెంటనే రావాలి. ఇంట్లో పెద్దావిడని ఎవరు లేపుతారు?"

 "నేనే" అన్నారు మాస్టారు చివరికి, ఇంకెవరైనా చేయి ఎత్తుతారేమోనని చుట్టూ చూసి.

ఇంటికి రాగానే అత్తగారు పిలిచారు. అలవాటుగా ఆమె మోకాళ్ళు లేవబోయాయి. వాటిని తనే కూర్చోబెట్టుకుంది. మాస్టారు లోపలికెళ్ళారు. "ఒరేయ్, చంకల కింద పట్టుకో. అలా కాదు, నేనేం పరుపు చుట్టనా" అని అత్తగారు, "అమ్మా, నువ్వూ కాస్త లేవాలి" అని ఆయన. తర్వాత ధన్‌మని చప్పుడు. ఆయన తొడ రుద్దుకుంటూ బయటికొచ్చారు.

"ఆ ఊచ అక్కడెందుకుంది? ఎప్పట్నుంచి ఉంది?"

"మంచం కొన్నప్పటి నుంచీ."

"చచ్చేంత తగిలింది."

"తగులుతుంది" అంది ఆమె.

మర్నాడు పొద్దున ఆయన పంచె కాస్త పైకి తీసి తొడ చూసుకున్నారు. చర్మం నున్నగా ఉంది. ముచ్చటపడి ఆమెకి చూపించారు. "చూశావా, అంత గట్టిగా తగిలినా నాకేం కమలలేదు. అంతా ఆ రక్తంలోనే ఉంది. నీ రక్తం కూడా బాగుపడనీ, మచ్చలన్నీ పోతాయి, మళ్ళీ అంతా మామూలే."

ఆమె ఆయన తొడ వైపు శ్రద్ధగా చూసింది. ఊచ తగిలిన చోటు తనకి తెలుసు కాబట్టి, ఏమీ లేని ఆ చోటు మీద సరిగ్గా వేలు పెట్టింది. ఆయన చిన్నగా మూలిగారు. దేవుడు ఇన్నాళ్ళూ ఏం చెప్పాలనుకున్నాడో అప్పుడు ఆమెకి తెలిసింది.

"రక్తం బాగుపడుతుంది" అంది. "లేపడం మాత్రం ఇక మీ వంతే. మాత్రలు మొదలుపెట్టక ముందు, రోజూ తగిలినా, నాకూ కమిలేది కాదండీ."