వరసలో నడిచిన పిల్ల

ముసలి కాపరి హిల్కియా తల్లిగొర్రెలన్నిటినీ గోడ అవతలికి తోలి, ఎర్రమన్ను కలిపిన మూకుడులో కర్ర కొస ముంచాడు. పిల్లలు దొడ్డిలోనే ఉన్నాయి. గుమ్మం ఒక్క పిల్ల పట్టేంత సన్నం. తల్లులు అరిస్తే అవే బయటికి వస్తాయి. చేత్తో లాగకూడదు, వెనక నుంచి నెట్టకూడదు. వచ్చిన ప్రతి పదోదీ దేవుడిది; దానికి ఎర్రగీత గీసి బలికి పంపాలి.

ఎలూలు నెల మొదటి రోజు, ఏటా మందలో పదోవంతు తీసే రోజు. తెకోవ కొండల మీద ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. హిల్కియా చేసే పనుల్లో నలుగురూ చూసేది ఏటా ఈ ఒక్కటే. వీపు వంగింది, వేళ్ల కణుపులు వాచాయి, గొంతు మాత్రం చెక్కుచెదరలేదు.

మంద యజమానురాలు షెలోమ్‌సియోన్ గోడనీడన కూర్చుంది.

“కాస్త మెల్లగా లెక్కపెట్టు పెద్దాయనా. నీ కేకకి పక్క కొండమీది మేకలు కూడా వరస కడతాయి.”

“కట్టనీండమ్మా. వాటి కాపరికి ఎటూ లెక్క రాదు.”

ఆమె నవ్వి, గొంతు తగ్గించింది. “ఆ నల్లచెవి పిల్లని నీకిచ్చేస్తానన్నాను కదా. ఇప్పుడైనా ఊఁ అను. ఇచ్చేసింది లెక్కలోకి రాదు. నీ దగ్గరే ఉంటుంది.”

హిల్కియాకు ఇంట్లో ఎదురుచూసేవారు లేరు. ఆ పిల్ల ముందుకాలు వంకరతో పుట్టింది. వానలన్నాళ్లూ పుల్లలు కట్టి, నూనె రాసి, తన కంబళిలోనే పడుకోబెట్టుకుని సరిచేశాడు.

“ఇది నడవదన్నారు కదమ్మా. అందరితోపాటు నడవనీండి.”

“పదోదైతేనో?”

అతను కర్ర కొస మళ్లీ ఎర్రమన్నులో ముంచాడు. గోడ అవతల తల్లులు అరిచాయి. పిల్లలు ఒకదాని వెనక ఒకటి గుమ్మం దాటసాగాయి. అతను బిగ్గరగా లెక్కపెట్టాడు. తొమ్మిదోది దాటాక నల్లచెవి పిల్ల వచ్చి గుమ్మంలో ఆగింది. అతని పాదం వాసన చూసింది. షెలోమ్‌సియోన్ లేచి నిలబడింది. వెనకున్న పిల్ల పక్కనుంచి దూరబోయింది కానీ సందు దొరకలేదు.

నల్లచెవి పిల్ల తిన్నగా అడుగేసి బయటికొచ్చింది.

“పదోది!”

ఆ కేక లోయదాకా వినబడింది. దాని వీపు మీద ఎర్రగీత పడింది.

“ఎంత పని చేశావయ్యా! ఒక్క ఊఁ అంటే సరిపోయేదిగా.”

“కుంటిదైతే బలిపీఠం దగ్గరికి రానిస్తారా అమ్మా? ఆ నడక చూడండి.”

చివరి పిల్లదాకా అతని గొంతు వణకలేదు.

ఎండ వాలాక ఆమె మజ్జిగ తెచ్చేసరికి అతను గోడకానుకుని ఉన్నాడు. పిల్లలు తల్లుల పొదుగుల కింద తోకలాడిస్తున్నాయి. అతని కళ్లు అటే తెరుచుకుని ఉన్నాయి. “పెద్దాయనా” అని రెండుసార్లు పిలిచింది. మళ్లీ పిలవలేదు. తన పైబట్ట తీసి అతని ముఖం మీదుగా కప్పింది.

పక్కన రాతిమీద సగం తిన్న బార్లీ రొట్టె, దానిమీద ఎర్రటి బొటనవేలి ముద్ర.