నది మొత్తం ఇవతలిదే

కోవాక్ గారు ఫోనెత్తగానే మొదట అడిగే మాట ఒకటే. "ఇప్పుడు ఎక్కడున్నావమ్మా?"

అది కుశలప్రశ్న కాదు. మనసు బాగోలేనివాళ్ల గోడు విని దారి చూపడం ఆవిడ పని. అందుకు ఇచ్చిన లైసెన్సు ఒహాయో రాష్ట్రానిది, ఆ రాష్ట్రంలో ఉన్నవాళ్లతో మాట్లాడ్డానికే చెల్లుతుంది. ఆవిడకి గోడు చెప్పుకునే రేలిన్ కాపురమేమో ఈ మధ్యే నదికి ఇవతల, వెస్ట్ వర్జీనియాలో ఉన్న అత్తగారింటికి మారింది. రేలిన్ ఆ ఇంట్లో కూర్చుని మాట్లాడితే ఆవిడ లైసెన్సు ఊడుతుంది. అందుకని వారం వారం పిల్లని వెనక సీట్లో కట్టి, వంతెన దాటి, డోనట్ల కొట్టు ముందు కారాపుకుని ఫోన్ చేసేది. కాన్పయ్యాక పట్టుకున్న దిగులుకి అదొక్కటే మందు.

ఈ వారం వంతెనకి మరమ్మతు. కాలిబాట ఒక్కటే వదిలారు. చెప్పాల్సింది చూస్తే ఆగేది కాదు. పిల్లకి నీళ్లు పోస్తుంటే తన చేతులు వదిలేస్తాయేమోనని ఊహ. స్నానమే మానిపించింది.

రేలిన్ పిల్లని చంకనేసుకుని నడక మొదలుపెడితే, అత్త వర్నా కూడా బయల్దేరింది. "ఏడవడానికి రాష్ట్రం దాటాలటే? మేం వంటింట్లోనే ఏడ్చేవాళ్లం."

"నీ కొడుకు నా గోడు చెవినేసుకుంటే నేనూ అక్కడే ఏడ్చేదాన్ని అత్తా."

నడిమధ్యకి వచ్చాక రేలిన్ స్పీకరు పెట్టి ఫోన్ చేసింది.

"ఎక్కడున్నావమ్మా?"

"వంతెన మీదండీ. సగం దాటేశా. ఒహాయోలోకి వచ్చినట్టే."

"సగంతో కాదమ్మా. మా ఒడ్డు దాకా నది మీ రాష్ట్రానిదే. గట్టెక్కాక చెప్పు, లైన్లోనే ఉంటా. మరీ ప్రాణం మీదికొస్తే అంబులెన్సుని పంపిస్తా."

"ఆమాత్రం తెలీదూ," అంది వర్నా. "అవతలి ఒడ్డున గాలమేసినా చేప మనదే."

రేలిన్‌కి ఆ మాట గుచ్చుకుంది. చేపకైనా ఒక దిక్కుంది. కింద బురద నీళ్లు, పక్కన నడుమెత్తు కమ్మీ. నీళ్ల దగ్గర తన చేతుల్నే నమ్మలేని తల్లిని, చంకలో బిడ్డతో నది మీద నడిచి రమ్మంటున్న చట్టం. అడుగు పడలేదు.

"అత్తా, పిల్లని ఎత్తుకో."

"బరువా?"

"కాదు. నా చేతులంటే నాకే భయమేస్తోంది. నీళ్లు పోసేటప్పుడూ అంతే."

లైన్లో కోవాక్ గారు ఉన్నారు. అయినా ఒడ్డు చేరేదాకా విననట్టే ఉండాలి కాబోలు.

వర్నా పిల్లని అందుకుని, రోడ్డు వైపు భుజానికి మార్చుకుని, రెండో చేత్తో కోడలి మణికట్టు పట్టుకుంది. "పద. నీళ్లు నేను పోస్తాలే." కాస్త దూరం నడిచాక గొణిగింది. "ఆ లైసెన్సేదో నాకు లేకపోవడమే నయమైంది."

డోనట్ల కొట్టు ముందుకి చేరారు.

"ఇప్పుడు ఎక్కడున్నావమ్మా?" కోవాక్ గారు ఆత్రంగా అడిగారు.

"ఒహాయోలో అండీ."

"చెప్పు తల్లీ."

రేలిన్ నది వైపు తిరిగి, నోట్లో ఊరిన చేదంతా ఉమ్మేసింది. తర్వాత, వంతెన మీద చెప్పిందే మళ్లీ మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.