ఆయన పెట్టిన రికార్డింగు

నేను ఒక సెల్‌ఫోనును. ఎక్కడ పుట్టానో నాకే తెలియదు. తెలివి వచ్చేసరికి కాకినాడలో ఒక షాపు అద్దాల అరలో, నాలాంటి మొహాలే ఉన్న అక్కచెల్లెళ్ల మధ్య కూర్చుని ఉన్నాను. గిరిధర్ అనే ఆయన వచ్చి నన్ను ఏరుకున్నాడు. "మా ఆవిడ పుట్టినరోజండీ, రంగుకాగితం చుట్టండి" అన్నాడు. ఎంత ప్రేమో అని మురిసిపోయాను. ఇంటికి వెళ్లే దారిలోనే కాగితం విప్పి, నాకు సిమ్ము వేసి, ప్రతి ఫోన్‌కాలూ దానంతటదే రికార్డయ్యేలా పెట్టి, మళ్లీ చుట్టేశాడు. నన్ను కొన్నది కాపలాకని అప్పుడు అర్థమైంది.

ఆయన భార్య సువర్చల. పెళ్లికి ముందు స్కూల్లో హిందీ చెప్పేది, ఆయన మాన్పించాడు. సాయంత్రం కాగానే ఆమె కళ్లెదుటే నన్ను పక్కగదిలోకి తీసుకెళ్లి, పగలు ఆమె ఎవరెవరితో మాట్లాడిందో వినేవాడు. ఆవకాయకి ముక్కలు ఏ సైజులో కొట్టాలో తల్లీకూతుళ్లు వాదించుకున్నదంతా చెవులు రిక్కించి విన్నాడు పాపం. అనుమానం కోసం మనుషులు పడే కష్టం అంతా ఇంతా కాదు. తను ఆమెకి చేసే కాల్సు కూడా నాలోనే నిలిచిపోతాయన్న సంగతి మాత్రం ఆయనకి తట్టలేదు.

ఒక వానరోజు ఆయన ఆమెనీ, కూతురు లాస్యనీ గుమ్మం బయటికి నెట్టి తలుపేసుకున్నాడు. సువర్చల పిల్లనీ నన్నూ తీసుకుని మేనత్త సత్యవతి గారింటికి చేరింది. అక్కడికీ ఫోను చేసేవాడు. ఒకసారి అన్నాడు: "పిల్లని నీ దగ్గర్నుంచి లాక్కుంటాను. దాన్ని పెంచాలని కాదు. నువ్వు ఏడవాలి, అంతే."

అన్నట్టే ఫ్యామిలీ కోర్టులో కేసు వేశాడు. తల్లికి మతి నిలకడ లేదనీ, పిల్లని పట్టించుకోదనీ, లాస్యని తనకి ఇప్పించమనీ.

సువర్చల ఒక ప్లీడరు దగ్గరికి వెళ్లి నన్ను ఆయన బల్ల మీద పెట్టింది. ఆయన నన్ను ముట్టుకోనైనా లేదు. "రికార్డింగులూ గొడవలూ ఎందుకమ్మా? కాస్త సర్దుకుపో" అన్నాడు.

"సర్దుకోవడం అయిపోయిందండీ" అని నన్ను చేతిలోకి తీసుకుని లేచింది. వాయిదా రోజున జడ్జిగారితో, "నా కేసు నేనే చెప్పుకుంటానండీ" అంది.

వినిపిస్తే చాలదనీ, ప్రతి రికార్డింగుకీ మాటకు మాట రాసిన కాగితం జత చెయ్యాలనీ, ఫోను తనదేననీ అందులో ఏదీ మార్చలేదనీ సంతకంతో ధ్రువపత్రం ఇవ్వాలనీ కోర్టు ఆఫీసులో అడిగి తెలుసుకుంది. లాస్య స్కూలుకి వెళ్లగానే కిటికీ దగ్గర కూర్చునేది. నన్ను కాసేపు పలికించి, ఆపి, రాసుకుని, వెనక్కి జరిపి, మళ్లీ వినేది. ఆయన అన్నప్పుడు ఒక్కసారి తగిలిన తిట్టు, రాసేటప్పుడు పదేపదే తగిలేది. కొన్ని మాటల దగ్గర కలం పక్కన పెట్టేసి వంటింట్లోకి వెళ్లి, మొహం కడుక్కుని వచ్చేది. వచ్చి, వదిలేసిన చోటి నుంచే మొదలుపెట్టేది.

ఒక రికార్డింగులో ఆమె అరుపు ఉంది: "ఇక నావల్ల కాదు! వచ్చి తీసుకుపో, నీ కూతుర్ని నువ్వే పెంచుకో!" లాస్యకి జ్వరంగా ఉన్నరోజు, పొద్దుటి నుంచీ ఆయన వరసగా ఫోన్లు చేసి వేధిస్తే అన్న మాట. దాన్ని కూడా ఉన్నదున్నట్టు రాసింది.

సత్యవతి గారు చదివి గుండెలు బాదుకున్నారు. "ఈ ముక్క తీసెయ్యవే! నీ కొంప నువ్వే ముంచుకుంటావా?"

"ఆయన మాటలు ఉంచి నా మాట తీసేస్తే అది సాక్ష్యం కాదత్తా, చాడీ" అంది సువర్చల.

విచారణ రోజున గిరిధర్ తరఫు ప్లీడరు లేచి, "భర్తకి తెలియకుండా దొంగచాటుగా రికార్డు చేసిందండీ ఈవిడ" అన్నాడు.

"రికార్డింగు పెట్టింది ఆయనేనండీ" అంది సువర్చల. "నేను ఎవరితో మాట్లాడుతున్నానో వినడానికి. కాదని చెప్పమనండి."

జడ్జిగారు గిరిధర్ వైపు చూశారు. ఆయన తన ప్లీడరు వైపు చూశాడు. ప్లీడరు చేతిలో కాగితాలు తిరగేశాడు.

తర్వాత నా గొంతు ఆ హాలంతా వినిపించింది. 'నువ్వు ఏడవాలి, అంతే' అన్నచోట గుమాస్తా కూడా రాయడం ఆపి తలెత్తాడు. ప్లీడరు మాత్రం తగ్గలేదు. "కూతుర్ని తీసుకుపొమ్మని నువ్వే అన్నావు కదమ్మా! అది దాచావేం?"

"దాచలేదండీ. నేనిచ్చిన కాగితాల్లో చూడండి, గీత గీసి మరీ పెట్టాను. అన్నాను. అని, ఆ రోజంతా దాని నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ కూర్చున్నాను. ఆయన వచ్చారా? అదీ అడగండి."

జడ్జిగారు కాగితం తిప్పి చూసి, తల ఊపారు. నన్ను ఒక కవరులో పెట్టి, నంబరు వేసి, సీలు వేశారు. ఆ తర్వాత పక్క గదిలో లాస్యతో విడిగా మాట్లాడారట.

తీర్పు రోజున కవరు విప్పకుండానే నన్ను బల్ల మీదికి తెచ్చారు. లాస్య తల్లి దగ్గరే ఉంటుంది. తండ్రి ఆదివారాలు కోర్టు ఆవరణలోనే, తల్లి ఎదుటే చూసి వెళ్లాలి. సువర్చల ఏడవలేదు.

"అప్పీలు గడువు దాటాక అర్జీ పెట్టుకుంటే మీ ఫోను మీకిచ్చేస్తారమ్మా" అన్నాడు గుమాస్తా.

"వద్దండీ. ఆ గొంతు మళ్లీ మా ఇంట్లోకి రానివ్వను."

నాకు కోపం రాలేదు. రికార్డు గదిలో ఇనప బీరువాలో, ఎవరెవరివో సాక్ష్యాల మధ్య పడి ఉన్నాను. బ్యాటరీ ఎప్పుడో నిండుకుంది. బయట వరండాలో పేర్లు పిలుస్తున్నారు. "మీ ప్లీడరెవరమ్మా?" అని అడిగితే, ఎవరో ఆడమనిషి, గట్టిగా, "నేనేనండీ" అంటోంది.