చెవితో దించిన మెరుపు

“మా ఆవిడకేటి తెల్సమ్మా! పాటంతా నానే సేత్తాను. ఫైళ్ళు పంపడం, టీ ఎట్టడం, అంతే తన పని,” అన్నాడు గోపి. టీ గ్లాసులు పట్టుకొచ్చిన అతని భార్య నాగమణి నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది? మొదటి పాట రికార్డు చేయించుకోవడానికి ఉక్కునగరం నుంచి వచ్చిన యశస్విని, ఇరవై ఏళ్ళ పిల్ల, నిజమే కాబోలనుకుంది.

కూర్మన్నపాలెంలో వాళ్ళ మేడ మీది గదే స్టూడియో. అంతకుముందు గోపి పదిహేనేళ్ళు పెళ్ళి ఊరేగింపుల్లో డీజే బాక్సుల మధ్య నిలబడ్డాడు. ఆ బాక్సులు అతని చెవుల్లోంచి సన్నటి చప్పుళ్ళన్నీ తినేశాయి. ఆ సంగతి అతనికి తెలియదు, నాగమణికి తెలుసు. పాటకు చివరి మెరుగులు దిద్దేటప్పుడు ఎక్సైటర్ అని ఒకటి వాడతారు. గొంతులో లేని సన్నటి పలుకుల్ని పుట్టించి, మందంగా ఉన్న గొంతుకు మెరుపు తెస్తుంది. పప్పులో ఇంగువలాంటిది, చిటికెడు దాటితే నోట పెట్టలేం. గోపికి ఆ మెరుపు వినపడదు గనుక వినపడేదాకా పెంచుతాడు. నూటికి ఎనభై అంకెకు తెచ్చి “ఇప్పుడదిరిపోనాది!” అంటాడు. పాటలో ‘స’ వచ్చినప్పుడల్లా చెవిలో సూది దిగుతుంది.

ఆరేళ్ళుగా ఆ సూదిని తీస్తున్నది నాగమణి. స్టూడియోలో ఆమెకు కుర్చీ లేదు. వంటయ్యాక హాల్లో, అత్త జోగమ్మ టీవీ హోరు పక్కనే, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, హోరు వినపడకుండా హెడ్‌ఫోన్ గట్టిగా పెంచుకుంటుంది. అంకె చూడదు. కళ్ళు మూసుకుని చెవితోనే మెరుపు దించుతుంది. ఇదివరకు ఎప్పుడైనా చూస్తే అంకె పది, పన్నెండు దగ్గర ఆగి ఉండేది. “గోపిగారి చెవే చెవి” అంటారు పాట విన్నవాళ్ళు. చెప్పేద్దామని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో! అతని పరువూ, ఇంటి తిండీ ఆ చెవి మీదే ఉన్నాయి మరి. పైగా, ఎవరికీ తెలియకపోయినా తనకంటూ ఉన్నది ఈ వినికిడి ఒక్కటే, దాన్ని ఈ ఇంట్లో ఎవరూ లాక్కోలేరని ఆమె ధీమా.

యశస్విని పాటనూ అలాగే దించి మంగళవారం పంపింది. బుధవారం పొద్దున్నే ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళతో వచ్చింది.

“సార్, ‘స’ అన్నప్పుడల్లా సెవిలో గుచ్చేత్తన్నాదండీ. మా అమ్మ వినలేక ఆపేసింది.”

గోపి పాట పెట్టి విన్నాడు. “బాగానే ఉన్నాది గదా!” అని, భార్య వైపు తిరిగాడు. “పంపినప్పుడు ఏటి సేసినావ్? పాడు సేసీసినావా?”

ఆరేళ్ళలో ఒక పాటకు అతను నాగమణి పేరు తగిలించడం అదే మొదలు.

ఆమె లాప్‌టాప్ తెరిచి హెడ్‌ఫోన్ పెట్టుకుంది. అంకె నలభై అయిదు దగ్గర ఉంది. పన్నెండుకు దించింది. మళ్ళీ నలభై అయిదుకు పెంచింది. దించింది, పెంచింది. తేడా తెలియలేదు. మొన్న వాన వెలిశాక “ఈ ఏడు కీచురాళ్ళే లేవత్తా” అంటే, “సెవులు తూట్లు పొడిసేత్తంటే లేవంటావేటే!” అని జోగమ్మ నవ్వింది. వేళాకోళమనుకుంది అప్పుడు. ఇప్పుడు అర్థమైంది. అతను పాడుచేసిన పాటల్ని ఆ హోరులో గట్టిగా పెట్టుకుని విని విని, తన చెవులు కూడా... అయ్యో, ఉన్న ఆ ఒక్కటీ పోయిందే!

“అడుగుతుంటే మాటాడవేటి?” అన్నాడు గోపి.

నాగమణి హెడ్‌ఫోన్ తీసి యశస్విని చేతిలో పెట్టింది. “నువ్వే దించుకోమ్మా. నీకు హాయిగా ఉన్నకాడ ఆపు.”

తర్వాత మొగుడి ముఖంలోకి చూసింది.

“ఆరేళ్ళ నుంచి మీకు వినపడ్డం లేదండీ. మీ బదులు నాను విన్నాను,” అంది. “ఇప్పుడు నాకూ వినపడ్డం లేదు.”