మోకాలెత్తు తంగేడు

నాంపల్లి గల్లీలో సౌభాగ్యమ్మకు పొద్దున్నే చాయ్ కంటే ముందు డాబా మీది తంగేడును చూసుకోవడం అలవాటు. పాత పెయింటు డబ్బాలో మోకాలెత్తు చెట్టు. మెట్ట మొక్క కదా, నీళ్ళ కోసం సతాయించదు. ఇంట్లో ఎవరన్నా మాట మింగితే మాత్రం అంత మేర లేస్తుంది. కొన్ని ఇండ్లల్లో కుక్క మొరుగుతుంది, వీళ్ళింట్లో తంగేడు లేస్తుంది, అంతే.

ఆ రోజు చూస్తే నీళ్ళ ట్యాంకును దాటేసింది! ఒక్క పువ్వు లేదు. వచ్చే వారమే సద్దుల బతుకమ్మ. పూల సంగతి సరే, సౌభాగ్యమ్మ చాయ్ సంగతి కూడా మరిచిపోయింది. ఇదివరకు ఇంతెత్తు లేచింది ఒక్కసారే, మామగారు గుండెనొప్పి దాచినప్పుడు. అప్పుడు ఎవ్వరూ అడగలేదు. ఆయన దక్కలేదు.

అందరినీ డాబా మీదికి పిలిచింది.

"ఎవరు ఏం మింగిన్రో కక్కున్రి!"

పక్క డాబా మీదినుంచి రాజమల్లు అందుకున్నాడు. "ఔ వదినా, జర జల్ది. మీ చెట్టు మా డిష్షుకు అడ్డమొస్తున్నది."

భర్త సాయన్న గొంతు సవరించుకున్నాడు. "ఆదివారం ఆబిడ్స్‌ల పుస్తకాలు చూస్తనని పోయి... జిలేబి తింటున్న."

చెట్టు జానెడు దిగింది.

"షుగరు పెట్టుకోని జిలేబా? ఇన్నేండ్లల్ల ఒక్క పుస్తకం తేకపోతివి, నాకు తెల్వదా?"

"నీ పచ్చిపులుసు కంటే ఉజ్వలదే బాగుంటదమ్మా," అన్నాడు కొడుకు కిషన్, పెండ్లాం దిక్కు చూస్తూ. ఇంకొంచెం దిగింది.

"నీ సంగతి తర్వాత చెప్త."

అయినా చెట్టు ట్యాంకు కంటే ఎత్తుగానే ఉంది. కోడలు ఉజ్వల కొంగు మెలిపెడుతోంది.

"ఏంది బిడ్డా?"

"ఏం లేదత్తమ్మా."

ఆ మాటతోనే చెట్టు బెత్తెడు లేచింది. ఉజ్వల దాని దిక్కు చూసి తల దించుకుంది.

"రొమ్ముల గడ్డ తగులుతున్నది. దసరా అయినంక చెప్దామనుకున్న. పండుగ పూట అందరినీ ఫికర్ల పెట్టుడెందుకని..."

"పండుగ ఏడికి పోతది! చెప్పులేసుకో. కిషన్, ఆటో పిలువు."

దవాఖానలో పరీక్షలయ్యాయి. కాగితాలు వచ్చేదాకా ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. చివరికి డాక్టరమ్మ చూసి, "చాలా చిన్నగున్నప్పుడే వచ్చిన్రు. తీసేస్తే అయిపోతుంది. ఇట్లనే ఊరుకుంటే మాత్రం కష్టమయ్యేది," అంది. సౌభాగ్యమ్మ అక్కడే బెంచీ మీద కూలబడి కోడలి చెయ్యి పట్టుకుని ఏడ్చింది. హాయిగా ఏడ్చింది.

సద్దుల బతుకమ్మ పొద్దున తంగేడు మోకాలెత్తుకు దిగి, ఆకు కనబడకుండా పసుపుపచ్చగా విరగబూసింది. ఉజ్వల ఒడిలోకి పూలు కోసుకుంటుంటే చెట్టు వేలెడు లేచింది. అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఉజ్వల పిట్టగోడ మీదినుంచి కిందికి వంగింది.

"మామయ్యా! మీసాలకు పాకం తుడుచుకోని రాండ్రి!"

ఎన్నాళ్ళకో ఆ పిల్ల నవ్వింది. ఆ నవ్వుకు రాజమల్లు కూడా డిష్షు వదిలేసి చూశాడు.