పక్క కుట్టు

మా పిల్లి దొరసానిని తెచ్చి వారమైనా కాలేదు, ఇంటి ఓనరమ్మ మెట్లెక్కి వచ్చి నా గుమ్మంలో నిలబడింది.

"ఈ పిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందా?"

"అయ్యే ఉంటుందన్నారండీ, దీన్ని ఇచ్చిన జంతువుల ఆశ్రమం వాళ్లు."

"ఉంటుందంటే కుదరదమ్మా. అయిందని డాక్టరు కాగితం రాసిస్తే ఉంచుకో. లేదంటే వెనక్కి ఇచ్చెయ్. రేపు నా మెట్ల కింద అరడజను పిల్లల్ని పెడితే ఎవరు చూస్తారు?"

ఆవిడ పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. దొరసానికి తొమ్మిదేళ్లు. ముసలిదని ఎవరూ తీసుకోకపోతే నేను తెచ్చుకున్నాను. వెనక్కి ఇచ్చే ప్రసక్తే లేదు.

మర్నాడే బుట్టలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాను. కుర్ర డాక్టరు దాన్ని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట మధ్యలో బొచ్చు గొరిగి, లైటు దగ్గరికి లాక్కుని చూశాడు.

"కోత గీత లేదమ్మా. ఆపరేషన్ కాలేదనే అనుకోవాలి. స్కానింగు ఒక్కదాంతో ఖాయంగా చెప్పలేం, మత్తిచ్చి తెరిచి చూద్దాం. కాకపోతే అప్పుడే చేసేస్తాం."

"అయ్యుంటే?"

"మళ్లీ కుట్టేస్తాం. ఈ వయసులో మత్తు కొంచెం ప్రమాదమే అనుకోండి."

పిల్లికి చెలగాటం అంటారు గానీ, ఇక్కడ ప్రాణసంకటం పిల్లికే.

నాకు ఒళ్లు మండిపోయింది. పదేళ్ల క్రితం నా కడుపునొప్పికీ ఇదే మాట చెప్పారు, తెరిచి చూద్దామని. చూశారు, ఏమీ లేదని కుట్టేశారు. ఆ కుట్టు చలికి ఇప్పటికీ లాగుతుంది. ఆ రోజు ఒక్క ప్రశ్న అడక్కుండా గంగిరెద్దులా తలూపినందుకు నా మీద నాకు ఇంకా కోపమే.

"తెరవనివ్వను" అన్నాను.

"మరి ఎలా తెలుస్తుందమ్మా?"

"ముప్పై ఏళ్లుగా బట్టలు కుడుతున్నాను బాబూ. లోపల లైనింగు ఉందో లేదో చూడ్డానికి కోటు కత్తిరించుకోం, తడిమి చూస్తాం. అయినా కుట్లన్నీ ముందువైపే ఉంటాయా? పక్కన ఉండవూ?"

డాక్టరు దొరసానిని పక్కకి తిప్పాడు.

"పక్క నుంచి చేసేవాళ్లూ ఉన్నారు. మేం ఇక్కడ ఎప్పుడూ మధ్యలోనే చేస్తాం. అటు చూడాలని తట్టలేదు."

కళ్లు మూసుకుని, దొరసాని ఎడమ డొక్క మీద బొచ్చుకి ఎదురుగా వేలు పోనిచ్చాను. అది నా మణికట్టు రక్కింది. రక్కనీ. తొడకి కాస్త ముందు, దారమంత సన్నటి గట్టు తగిలింది.

"ఇక్కడ గొరగండి."

గొరిగాడు. అంగుళం పొడవున తెల్లటి గీత బయటపడింది.

"ఆ ఆపరేషన్ గీతేనమ్మా ఇది" అంటూ దాన్ని ఎత్తుకుని స్కానింగు బల్ల వైపు నడిచి, గర్భసంచి లేదని లోపల కూడా చూసి, కాగితం రాసిచ్చాడు.

సాయంత్రం ఓనరమ్మ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. నా చేతి మీద గీరు చూసింది.

"ఒక పిల్లి కోసం డాక్టరుతో గొడవ పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నానండీ. అప్పుడు నా కోసం పెట్టుకోవాల్సింది కూడా కలిపి పెట్టుకున్నాను" అని తలుపు వేసుకున్నాను.