ఎడమ సీటు

ఉక్కావిడ కారు మళ్ళీ వచ్చిందంటే వర్క్‌షాపులో నవ్వులే నవ్వులు. ఆ పేరు పెట్టిందీ వాళ్ళే. బయల్దేరిన కాసేపటికే కారులో ఉక్కపోస్తోందని ఆవిడ ఫిర్యాదు. నడిపే భర్త మాత్రం తనకు చల్లగానే ఉందంటాడు. వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒక మెకానిక్ డ్రైవరు సీట్లో కూర్చుని, ఏసీ వేసి, గాలికి అరచెయ్యి అడ్డం పెట్టి, స్కానర్ తగిలించి, తప్పు చూపే కోడ్ ఒక్కటీ కనబడక ‘లోపం లేదు’ అని పంపించేసేవాడు. ఈసారి ఆ భర్త, పక్కనే భార్య నిలబడి ఉందన్న పట్టింపు కూడా లేకుండా, ‘ఈ వయసు ఆడవాళ్ళకొచ్చే ఒంటి వేడండీ. డాక్టరుకు చూపించాను, మాత్రలు కూడా వాడుతోంది. మీరు ఊరికే చూశామనిపించండి చాలు,’ అన్నాడు. సూపర్‌వైజరు నవ్వాడు. ఆవిడ చేతిసంచీ జిప్పు తీస్తూ వేస్తూ నేలకేసి చూస్తూ ఉండిపోయింది.

కారు తాళాలు ఏసీ అక్క చేతికొచ్చాయి. అక్కడ ఏసీ పనంతా చూసేది ఆమే కాబట్టి అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. ఆడవాళ్ళ బాధ ఆడవాళ్ళకే తెలియాలి, కాసేపు అటూ ఇటూ చూసి తెచ్చెయ్యమన్నాడు సూపర్‌వైజరు.

ఏసీ అక్కకు ఒళ్ళు మండింది. ఇంట్లో ఆమె రోజూ పడేదీ ఇదే. హాల్లో ఏసీ పెట్టించినప్పుడు, వేడిగాలి కక్కే బయటి పెట్టెను ఎక్కడ బిగించమంటారని పనివాడు అడిగితే, వీధి వైపు ఇంటి అందం చెడుతుందని భర్త దాన్ని తీసుకెళ్ళి వంటింటి కిటికీకి ఎదురుగా పెట్టించాడు. తల్లీకొడుకులు హాల్లో చల్లగా టీవీ చూస్తుంటే, ఆ గదిలోంచి లాగిన వేడంతా కిటికీలోంచి వచ్చి, వండుతున్న ఆమె ముఖాన కొడుతుంది. చెప్పింది. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. ‘నీకలా అనిపిస్తోందంతే,’ అనేవాడు. కిటికీ మూసుకోమనేవాడు. ఫ్యాను పెడితే స్టవ్వు ఆరిపోతుందనేవాడు. ఏసీ సంగతి నాకు తెలియదా, నా పనే అది కదా అంటే, పని పిచ్చి ఇంటికి తేవద్దనేవాడు. అప్పటికీ ఊరుకోకపోతే ఆఖరి అస్త్రం తీసేవాడు: ‘అమ్మ జన్మంతా ఇదే వంటింట్లో వండింది. ఒక్కనాడైనా ఉక్క అందా?’ అత్తగారు టీవీ మీంచి చూపు తిప్పేది కాదు. ఊళ్ళో కార్లన్నీ చల్లబరిచే మనిషి సొంత వంటింట్లో ఉడికిపోవడమేమిటి? ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టుంది తన బతుకు అనుకునేది. అనుకుని, చెమట తుడుచుకుని, మిగిలిన గిన్నెలు తోముకునేది.

అంత మండిపడుతూ కూడా ఆమె అలవాటు కొద్దీ డ్రైవరు సీటు తలుపే తెరిచింది. కూర్చుని ఏసీ వేసింది. గాలి మంచులా తగిలింది. లోపం లేదు. దిగబోతూ పక్కకు చూస్తే, ఎడమ సీటు ముందున్న గాలి రెక్కలు గట్టిగా మూసేసి ఉన్నాయి. ఉక్క ఉక్క అనే మనిషి తనకు చల్లగాలి వచ్చే దారిని తనే ఎందుకు మూసుకుంటుంది? ఏసీ అక్కకు తన మీద తనకే కోపం వచ్చింది. ఇన్నిసార్లు ఇంతమంది చూసిన కారులో ఆవిడ కూర్చునే చోట ఎవరూ కూర్చోలేదు, ఆఖరికి తను కూడా.

కారును ఎండలోకి తీసి, అద్దాలు బిగించి, ఎడమ సీట్లోకి మారి, రెక్కలు తెరిచి కూర్చుంది. మొదట చల్లగానే ఉంది. కాసేపటికి ముఖం మీదికి వెచ్చటి గాలి మొదలైంది. కుడివైపు మాత్రం అదే మంచు. ఈ కారులో రెండు వైపులకూ గాలి వేరువేరుగా వస్తుంది. గొట్టాల్లో ఉన్న చిన్న సెన్సర్లు గాలి ఎంత చల్లగా ఉందో చెబుతాయి, దాన్ని బట్టి కంప్యూటరు వేడిగాలి కలుపుతుంది. స్కానర్ చూస్తే ఎడమవైపు గాలి గడ్డకట్టేంత చల్లగా ఉందని చూపిస్తోంది. అదే గాలికి అడ్డం పెట్టిన థర్మామీటరు వేడి చూపిస్తోంది. పాపం మనిషి వణికిపోతోందనుకుని కంప్యూటరు ఇంకా ఇంకా వేడి పంపిస్తోంది. సెన్సర్ పూర్తిగా చచ్చిపోతే కోడ్ వచ్చేది. నమ్మదగినంత అబద్ధమే చెబుతోంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. కింద ప్యానెల్ ఊడదీసి ఆ సెన్సర్ ప్లగ్గు లాగితే, ఒక పిన్నుకు పచ్చగా చిలుము పట్టి ఉంది.

ఏసీ అక్క ఆ భర్తను పిలిచి ఎడమ సీట్లో కూర్చోబెట్టింది. ప్లగ్గును ఉన్నదున్నట్టే తిరిగి తగిలించి, అద్దాలు బిగించి, తను బయటే నిలబడింది. కాసేపటికి ఆయన చొక్కా వీపుకు అంటుకుపోయింది. దిగుతూ, మరి తనకెందుకు తెలియలేదని అడిగాడు.

‘మీరెప్పుడూ ఆ సీట్లో కూర్చోలేదు కదండీ,’ అంది ఏసీ అక్క.

ఉక్కావిడ దగ్గరికొచ్చి, ‘అంటే నిజంగానే వేడిగాలి వచ్చిందా?’ అని మెల్లగా అడిగింది. వచ్చిందని ఏసీ అక్క చెబితే ఆవిడ సంతోషించలేదు. సంచీలోంచి మాత్రల అట్ట తీసి మొగుడి చేతిలో పెట్టి, ‘అయితే ఇవి ఎవరు మింగాలి?’ అంది. సూపర్‌వైజరు నవ్వలేదు.

ఇంటికొచ్చేసరికి హాల్లో ఏసీ నడుస్తోంది, కిటికీ బయటి పెట్టె వంటింట్లోకి వేడి కక్కుతోంది. ఏసీ అక్క చేతులు కడుక్కుని, స్టవ్వు తీసుకొచ్చి హాల్లో భోజనాల బల్ల మీద పెట్టింది. సిలిండరు దొర్లించుకొచ్చి కింద నిలబెట్టింది. సోఫాలో ఉన్న అత్తగారు కాళ్ళు పక్కకు తీసుకుంది. అన్నం ఒక పొయ్యి మీద, కూర ఒక పొయ్యి మీద పడ్డాయి. ఆవిరి పైకప్పుకు తగిలింది, టీవీ అద్దం మసకబారింది, అత్తగారు పేపరు మడిచి విసురుకోవడం మొదలుపెట్టింది.

అప్పుడొచ్చాడు భర్త. చొక్కా గుండీ విప్పుకుంటూ, ఇదేం చోద్యం, ఈ ఉక్కలో మనుషులు కూర్చుంటారా, స్టవ్వు లోపల పెట్టమన్నాడు.

‘ఆ పెట్టెను కిటికీ దగ్గర్నుంచి తీయించండి. అప్పటిదాకా వంట ఇక్కడే,’ అంది ఆమె కూర కలుపుతూ.

అతను ఎప్పటిలాగే తల్లి వైపు తిరిగాడు. ‘చూశావా అమ్మా దీని వరస. నువ్వు చెప్పు. జన్మంతా వండావు, ఒక్కనాడైనా ఉక్క అన్నావా?’

అత్తగారు టీవీ కట్టేసింది.

‘అన్నాన్రా,’ అంది. ‘కొత్తకోడలిగా వచ్చినప్పుడే అన్నాను. నీకలా అనిపిస్తోందంతే అన్నారు మీ నాన్న.’